ఓరచూపు ఖ్యాక్

ఎండాకాలమంతా మేం ఎక్కడో పడబోయే మంచు కోసం పని చేస్తాం. మా ఊరు బుంగమతిలో ఇటుక గోడలు ఎండకి సెగలు కక్కుతుంటే, ఒళ్ళో ఊలు ఉండలు పెట్టుకుని, చెమట పట్టిన వేళ్ళతో కప్ప టోపీలు, గుడ్లగూబ టోపీలు, చెవులున్న పులి టోపీలు అల్లుతూ కూర్చుంటాం. ఆ ఏడాది మా మేడ మీద గదిలో మూడు వందల కప్పలుండేవి. పడుకోవాలంటే ముందు వాటిని పక్కకి జరపాలి.

మా ఇంట్లో కళ్ళ పని నాది. అమ్మ టోపీ అల్లేది. మా నానమ్మని అందరూ అజి అంటారు, ఆవిడ చెవుల కింద వేలాడే జడలు పేనేది. చివర్న కళ్ళు నేను కుట్టేదాన్ని. చూడ్డానికి చిన్న పనే. ఒక్క ముడి అటు జరిగితే కప్ప దొంగలా చూస్తుంది. ఇంకో ముడి జరిగితే జ్వరమొచ్చినట్టు చూస్తుంది. నాన్న వీధి అరుగు మీద కూర్చుని చెక్కతో దేవుళ్ళని చెక్కుతాడు. "నేను దేవుళ్ళకి కళ్ళు తెరుస్తాను, మా రష్మిలేమో కప్పలకి తెరుస్తుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. నేను తల వంచుకునేదాన్ని. నాకు నలుగురిలో మాట రాదు. బడిలో హాజరు పలకడానికి కూడా గొంతు పెగిలేది కాదు. నాన్న అన్న ఆ మాట మాత్రం తారీఖు వేసి డైరీలో రాసుకున్నాను.

ఫాల్గుణంలో సురోజ్ అన్నయ్యకి పెళ్ళయింది. వదిన పేరు హేరామాయ. దోలఖా నుంచి వచ్చింది. మా భాషే, కానీ కొండల అవతల పెరిగిన భాష. వీధి పిల్లలు వెంటపడి ఆమెలాగే మాట్లాడి నవ్వేవాళ్ళు. ఆమె వాళ్ళకంటే గట్టిగా నవ్వేది.

వచ్చిన పదో రోజున నా పక్కన కూర్చుని ఒక కప్పని చేతిలోకి తీసుకుంది.

"ఏటి మరదలా, ఇవన్నీ ఒకేలాగ సూత్తన్నాయి? బళ్ళో మేష్టారొచ్చినట్టు?"

"అలాగే చూడాలి" అన్నాను.

"ఎవులు సెప్పేరు?"

ఎవరూ చెప్పలేదు. వదిన ఒక కన్ను కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి పెట్టి, నల్లగుడ్లు రెండూ మూలకి తోసి కుట్టింది. పక్కింటి గుట్టేదో అప్పుడే విన్నదానిలా తయారైంది ఆ కప్ప. అమ్మ నవ్వింది. అజి బోసినోటితో నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. నేను నా కప్పని చూసుకున్నాను. అది మేష్టారు వచ్చినట్టే చూస్తోంది.

ఊలు ఇచ్చేదీ, టోపీలు పట్టుకెళ్ళేదీ పాటన్ పట్నంలో ఉండే షావుకారమ్మ, కేశరి సాహుని. ఆ వారం వచ్చినప్పుడు సంచి బోర్లించి, చేత్తో కలియబెట్టింది. రెండు వందల కప్పల్లోంచి ఆ ఒక్కటే చేతికొచ్చింది.

"ఇదెవరి పని?"

"మా కోడలిది" అంది అమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నా కప్పల గురించి చెప్పినప్పుడు కూడా.

"ఇక కళ్ళన్నీ ఆ పిల్లే పెట్టాలి" అని సాహుని అంది. అక్కడితో అయిపోయింది. నా వంతుకి చెవులు అల్లే పని వచ్చింది. "చెవులు కూడా ముఖ్యమేనే" అంది అమ్మ, నా మొహం చూసి. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యం రాశాను: "ఇవాళ కూడా వదిన." చైత్రం అయ్యేలోగా అదే వాక్యం పదకొండుసార్లు రాశాను.

సాహుని ఇంకో మాట కూడా చెప్పి వెళ్ళింది. ఈసారి టోపీలతో పాటు చిన్న బొమ్మలు కూడా కావాలట, ఇదివరకు ఎవరూ చూడనివి. ఏ ఇంటి బొమ్మ నచ్చితే, దాన్ని చేసినవాళ్ళని పాటన్‌లో తన పనిచోటుకి పిలుస్తుందట. అక్కడ కొత్త నమూనాలు చేసేవాళ్ళకి కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. నేను ఒకసారి చూశాను. కింద నలుచదరపు వాకిలి, వాకిలి మధ్యలో చిన్న చైత్యం, దాని మీద పావురాలు. ఆ కుర్చీలో కూర్చునే మనిషి ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. చేతులతో చేసి చూపిస్తే చాలు. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి, ఫలితాలు రాలేదు. ఈ లోకంలో నాకోసం చేసిన కుర్చీ అంటూ ఉంటే అదేనని అనిపించింది.

నేను ఖడ్గమృగం మొదలుపెట్టాను. పన్నెండు రోజులు పట్టింది. కొమ్ము మూడుసార్లు విప్పి అల్లాను.

ఆ మధ్యలోనే మా చెల్లెలు ఇంజలకి బారా పెట్టారు. దానికి పదేళ్ళు. మా ఆడపిల్లలందరికీ పెద్దమనుషులయ్యే లోపు చేస్తారు. పన్నెండు రోజులు చీకటి గదిలో ఉండాలి. ఎండ తగలకూడదు, మగవాళ్ళ కంట పడకూడదు, ఆరో రోజు దాకా ఉప్పు ముట్టకూడదు. పన్నెండో రోజున మేడ మీదికి తీసుకొచ్చి సూర్యుడితో పెళ్ళి చేస్తారు. గదిలో తోడుగా గోడ మీద ఒక ఖ్యాక్‌ని వేలాడదీస్తారు. ఖ్యాక్ అంటే లావుపాటి భూతం, ఒళ్ళంతా బొచ్చు, ఎర్రటి నాలుక. నల్లది కీడు చేస్తుంది, తెల్లది మంచిది. తెల్లటి దూదితో చేసి పెడతారు. ఏం తిన్నా ముందు దానికి పెట్టి తినాలి. లేకపోతే అలుగుతుంది.

మా ఇంట్లో ఖ్యాక్‌ని ఎప్పుడూ అజే చేసేది. నా బారాకీ అజే చేసింది. ఆ ఏడు ఆవిడ చేతులు వణుకుతున్నాయి. దూది ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసి, నా వైపు తిరిగింది. నేను చెయ్యి చాచాను కూడా.

గదిలోంచి ఇంజల అరిచింది: "వదినే చెయ్యాలి! వదిన చేస్తేనే లోపల ఉంటాను, లేకపోతే బయటికొచ్చేస్తాను!"

"ఇదుగో, ఇప్పుడే ఇలా ఉంటే సూర్యుడు నిన్నెలా ఏలుకుంటాడే?" అంది అజి. కానీ దూది మాత్రం వదిన ఒళ్ళోకి వెళ్ళింది.

వదిన దూదిని కడుపులోకి కూరడానికే వాడింది. పైన తెల్ల ఊలుతో క్రోషే అల్లింది. అదీ ఆ చీకటి గదిలోనే కూర్చుని. కిటికీకి దుప్పటి కట్టేశారు, మూల ఒక్క దీపం. ఊలు మనిషి కంటికి ఆనదు. నేను ఒక వరస అల్లబోతే మూడు ముడులు జారిపోయాయి. వదిన వేళ్ళతోనే లెక్క పెట్టుకుంటూ, ఇంజలకి దోలఖా కబుర్లు చెబుతూ అల్లింది. మధ్యమధ్య తల ఎత్తి నా వైపు చూసేది. నేను గడప దగ్గర కూర్చుని చెవులు అల్లుతున్నాను, ఆమె వైపు చూడనట్టే చూస్తూ.

"ఊలుతోనా? మా అమ్మ, మా అమ్మమ్మ, అందరూ దూదితోనే చేశారు" అని సణిగింది అజి.

"ఊలైతే ఎచ్చగుంటాది కదా అజీ. పన్నెండు దినాలు గోడకి ఏలాడాల" అంది వదిన.

సాయంత్రానికి అయిపోయింది. బానలాంటి పొట్ట, పొట్ట మీద ఆనించిన చిన్న చేతులు, పొడుగు బొచ్చు. ఎర్రటి నాలుక కొంచెమే, పెదవి మూల నుంచి. కళ్ళు మాత్రం తల వంచుకుని పక్కకి చూస్తున్నాయి, కనురెప్పల కిందనుంచి. విందులో తన విస్తరిలో తక్కువ పడిందేమోనని పక్కవాళ్ళ విస్తరి చూస్తున్నట్టు.

ఇంజల దాన్ని దీపం దగ్గర పట్టుకుని చూసి, "అచ్చం అక్కలా ఉంది!" అంది.

అందరూ నవ్వారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేచి మెట్లు దిగి వచ్చేశాను. బానపొట్ట, బొచ్చు, నాలుక. నేనంటే వీళ్ళకి అదీ.

ఆ తర్వాత గదిలో ప్రతి పూటా ఖ్యాక్ రాజ్యమే. ఖ్యాక్‌కి అటుకులు. ఖ్యాక్‌కి పెరుగు. ఆరో రోజు మొహానికి పసుపు గంధం పూసినప్పుడు ఖ్యాక్‌కి కూడా బొట్టంత. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు ఇంజలని చూసేవాళ్ళు, గోడ వైపు చూసేవాళ్ళు, నవ్వేవాళ్ళు, "ఎవరు చేశారు?" అనేవాళ్ళు. అమ్మకి ఆ ప్రశ్న వింటే కడుపు నిండిపోయేది.

ఏడో రోజు మధ్యాహ్నం టోపీల సంచి పాటన్ వెళ్ళాల్సి ఉంది. చీటీ రాసేది నేను: ఎన్ని కప్పలు, ఎన్ని గుడ్లగూబలు, ఏ ఇల్లు. నా ఖడ్గమృగాన్ని పైన పెట్టి, గుడ్డలో చుట్టి, "నమూనా" అని రాశాను. వ్యాను వీధి మొదట్లో ఆగింది. అమ్మ, వదిన ఒక మూట మోసుకుని కిందికి వెళ్ళారు. అజి అరుగు మీద. ఇంజల చాప మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది. గోడ మీద మేకుకి ఖ్యాక్. నా వైపు చూడకుండా నన్నే చూస్తున్నట్టు.

పారేద్దామని కాదు. ఖ్యాక్‌ని పారేయడానికి నాకు ధైర్యం లేదు. మేకు నుంచి తీశాను, రెండో సంచిలో గుడ్లగూబల కిందికి తోశాను, మూతి బిగించి కట్టాను. ప్రయాణం చేస్తుంది, అంతే అనుకున్నాను. ఇక్కడ ఉండదు, అంతే.

వదిన పైకి వచ్చి సంచిని భుజాన ఎత్తుకుంది. తన ఖ్యాక్‌ని తనే మోసుకుని మెట్లు దిగింది.

ఇంజల లేచి ఏడుపు మొదలుపెట్టేసరికి వ్యాను వెళ్ళి గంటయింది.

చాప ఎత్తి చూశారు, దుప్పట్లు దులిపారు. అజి గది మధ్యలో కూలబడింది.

"అలిగి వెళ్ళిపోయాడు" అంది. "నిజం చెప్పు ఇంజలా. వాడికి పెట్టకుండా ఏమైనా తిన్నావా?"

ఇంజల ఏడుపు ఆపేసింది. "నిన్న... మినపట్టు ముక్క" అంది. "చిన్న ముక్కే అజీ. ఐదు రోజుల తర్వాత ఉప్పు తగిలింది కదా. ఆగలేకపోయాను."

"అదే. అదే మరి."

పక్కింటి థకుమాయ గడపలో నిలబడి, "పిల్లనెందుకు అంటావు అజీ? దూదితో చేయాల్సినదాన్ని ఊలుతో చేస్తే నిలుస్తుందా? ఏ ఊరి పద్ధతో, ఏమో" అంది, వదిన వైపు చూడకుండా వదినకి వినపడేలా.

వదిన దుప్పట్లు మడత పెట్టింది. నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం చూడటం అదే మొదటిసారి. నాకు సంతోషం కలగాలి. కొంచెం కలిగింది కూడా. అబద్ధం ఎందుకు రాయాలి, డైరీలో కూడా అలాగే రాశాను.

నేను దూదితో ఇంకోటి చేశాను, అజి పద్ధతిలో, ఏ లోటూ లేకుండా. మేకుకి తగిలించాను. ఇంజల దాన్ని చూసింది.

"ఇది ఖ్యాక్ కాదక్కా. బొమ్మ" అంది.

ఆ పూట అన్నం ముట్టలేదు. పొద్దున కూడా ముట్టలేదు. పెట్టిన పళ్ళెం ఖాళీ మేకు కింద అలాగే ఉంది. నా దూది బొమ్మని తీసి తలగడ కింద పెట్టేసింది, వాడు వస్తే చోటు లేదనుకుంటాడని. అమ్మ బతిమాలింది, తిట్టింది. వదిన పక్కన కూర్చుని ముద్ద కలిపితే, "నువ్వు చేసినవాణ్ణి నేనే పోగొట్టాను వదినా" అని చెయ్యి తోసేసింది.

తొమ్మిదో రోజున బస్సెక్కాను. అమ్మకి నల్ల ఊలు అయిపోయిందని చెప్పాను. నేను ఒంటరిగా పాటన్ వెళ్ళడం అదే మొదలు. లగన్‌ఖేల్‌లో దిగి దారి అడగాలి. అడగడానికి నోరు రాక మూడు సందులు తిరిగాను.

సాహుని బల్ల ముందు కూర్చుని ఉంది. బల్ల మీద ఖ్యాక్. దానికి పూలు పెట్టి ఉన్నాయి.

"ఓహో, బుంగమతి పిల్లా! రా రా. ఏమే, మీ ఇంట్లో మతి ఉండి పని చేస్తున్నారా? బారా జరుగుతుంటే ఖ్యాక్‌ని నా గుడ్లగూబల్లో వేసి పంపుతారా? సంచి విప్పితే నన్నే చూస్తున్నాడు. గుండె ఆగినంత పనైంది. చెయ్యి కడుక్కొచ్చి పూలు పెట్టాను."

నేను నేల చూస్తున్నాను.

"కానీ ఏం చేతులే! టోపీలు కొనే విదేశాలవాళ్ళకి ఫోటో తీసి పంపాను. అవతలివాళ్ళు ఫోన్‌లో ఒకటే నవ్వు. ఇదే కావాలంటున్నారు. ఇదే చూపు, ఇదే పొట్ట."

కిటికీ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. గూట్లో, దారం రీళ్ళ వెనక, నా ఖడ్గమృగం.

సాహుని నా చూపు పట్టుకుంది. "అదా? బాగానే ఉంది. ఖడ్గమృగంలాగే ఉంది."

అంతే. అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"చీటీ నీ రాతే కదా? ఈ ఖ్యాక్ కూడా నీ చేతి పనేనా?"

పావురాలు చైత్యం మీద నుంచి ఒక్కసారి లేచాయి. నేను తల వంచుకుని నిలబడ్డాను. అవునని అనలేదు. కాదని అనలేదు. పదహారేళ్ళుగా నేను మాట్లాడకపోతే అందరూ సిగ్గనుకుంటారు. సాహునీ అదే అనుకుంది.

"సిగ్గు చూడు! నోరు లేకపోయినా చేతులు మాట్లాడతాయే నీకు. సరే, వీణ్ణి ముందు ఇంటికి తీసుకెళ్ళు, పిల్ల ఎదురుచూస్తుంటుంది. పన్నెండో రోజు భోజనానికి ఎలాగూ వస్తాను. అప్పటికి ఇలాంటిదే ఇంకోటి చేసి ఉంచు. అది చూసి కుర్చీ మాట మీ అమ్మతో మాట్లాడతాను."

తిరుగు బస్సులో ఖ్యాక్ నా ఒళ్ళో కూర్చుంది. ఎదురు సీటు ముసలావిడ దానికి దణ్ణం పెట్టి, నన్ను చూసి, మళ్ళీ దాన్ని చూసి, నవ్వాపుకుంది.

ఇంటికొచ్చి మేకుకి తగిలించాను. ఇంజల లేచి చూసి, ఏడ్చి, లెంపలు వేసుకుని, ముందు వాడికి పెట్టి, పళ్ళెం మొత్తం ఖాళీ చేసింది. అజి ఇల్లంతా వినపడేలా "అలక తీరింది! వచ్చేశాడు!" అంది. ఎలా వచ్చాడని ఎవరూ అడగలేదు. అలిగి వెళ్ళినవాణ్ణి ఎలా వచ్చావని అడగకూడదట.

వదిన మాత్రం మేకు దగ్గరికి వెళ్ళి, వేలాడదీసిన తాడుని వేలితో ముట్టుకుంది. తను వేసింది దోలఖా ముడి, నేను వేసింది మా ముడి. నా వైపు చూసింది. "నల్ల ఊలు దొరికిందేటి?" అంది.

"లేదు" అన్నాను.

"అలాగా" అని వెళ్ళిపోయింది.

రెండు రోజులు అల్లాను. పొట్ట గుమ్మడికాయలా వచ్చింది, విప్పాను. రెండోసారి సొరకాయలా వచ్చింది. వదిన కప్పలకి కళ్ళు కుడుతూ, నా వైపు చూడకుండా, "బొడ్డు కాడ ఒక్కో చుట్టుకి రెండు ముడులు తగ్గించాల. దూది గట్టిగా కుక్కకు, ఊపిరాడనియ్" అంది. తగ్గించాను. పొట్ట కుదిరింది. చేతులు కుదిరాయి. కళ్ళు కుదరలేదు. ఎన్నిసార్లు పెట్టినా అది మేష్టారు వచ్చినట్టే చూసింది.

అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆమె చెప్పలేదు.

పన్నెండో రోజు పొద్దున్నే ఇంజలకి ఎర్రచీర కట్టి, నగలు పెట్టి, మొహం మీద ముసుగు వేశారు. అక్కని కాబట్టి చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్ళడం నా వంతు. మెట్లు ఇరుకు, చీకటి. సగం మెట్ల మీద అది ఆగిపోయింది.

"అక్కా."

"ఏంటి? నడు, ముహూర్తం దాటిపోతుంది."

"నేను ముందు తినేశానని ఖ్యాక్‌కి తెలిసిపోయింది కదా. సూర్యుడికి కూడా తెలుస్తుందా? పైకి వెళ్ళగానే ఆయన కూడా వెళ్ళిపోతే?"

ముసుగులోంచి దాని ఊపిరి నా చేతికి తగులుతోంది. పన్నెండు రోజుల్లో దాని చెయ్యి తెల్లగా, మెత్తగా అయిపోయింది, పిండిబొమ్మలా.

"వెళ్ళడు" అన్నాను.

"నీకెలా తెలుసు?"

పైకి తీసుకెళ్ళాను. సూర్యుడి నీడ పడేలా ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి పెట్టారు. ముసుగు తీశారు. ఇంజల ముందు నీళ్ళలో చూసింది, తర్వాత తలెత్తింది. కళ్ళు మూసుకుపోయాయి, నీళ్ళు కారాయి. చూపుడు వేలు పైకెత్తి, "ఉన్నాడు" అంది. అందరూ నవ్వారు. నాన్న, అన్నయ్య అప్పుడే దాన్ని చూశారు. నాన్న మొహం అటు తిప్పుకున్నాడు.

భోజనాలకి చాపలు పరిచారు. సాహుని వచ్చి వరసలో నా ఎదురుగా కూర్చుంది. మొదటి గుక్క తాగి, గిన్నె దించి, అందరిముందూ అడిగింది.

"ఏమే రష్మిలా, చేశావా రెండో ఖ్యాక్? మీ అమ్మతో కుర్చీ సంగతి మాట్లాడనా?"

అమ్మ వడ్డిస్తున్నది ఆగింది. "రెండోదేంటి? ఏ కుర్చీ?"

నా పక్కన ఇంజల, నగల బరువుతో, ముందు తన విస్తరి లోంచి అటుకులు తీసి మూలగా పెడుతోంది. ఖ్యాక్‌ని గోడ నుంచి తీసేశారు. అయినా పెడుతోంది.

"చేసింది వదిన" అన్నాను. "సంచిలో వేసింది నేను."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. మేడ మీద ఆ చివర కూర్చున్నవాళ్ళు కూడా తలలు తిప్పారు. ఇంజల అటుకులు పెడుతున్న చెయ్యి ఆగిపోయింది.

ముందు తేరుకుంది అజి. "అయితే అలిగింది ఖ్యాక్ కాదన్నమాట" అంది.

ఎవరో నవ్వారు. అమ్మ నవ్వలేదు. నా విస్తరి దాటి తర్వాతి విస్తరికి వడ్డించింది. ఆ పూటే కాదు, మర్నాడు కూడా నాతో మాట్లాడలేదు. ఇంజల నగల చేత్తో నా వీపు మీద ఒక్కటి గుద్దింది. బాగా నొప్పి పుట్టింది. తర్వాత మూలగా పెట్టిన అటుకులు తీసుకుని తానే తినేసి, అలసిపోయి నా భుజం మీద తల పెట్టింది.

సాహుని వదిన వైపు తిరిగింది. "నువ్వా? ఇన్ని రోజులూ నోరు మెదపలేదేం?"

"నన్నెవులడిగేరు?" అంది వదిన.

జ్యేష్ఠం నుంచి వదిన రోజూ పొద్దున బస్సుకి పాటన్ వెళ్ళింది. ఆ కుర్చీ, ఆ కిటికీ, ఆ పావురాలు. సాయంత్రం వచ్చి వాటి కబుర్లు చెప్పేది. పావురాల్లో ఒకటి కుంటిదట. నేను కప్పలకి కళ్ళు పెడుతూ వినేదాన్ని. కళ్ళ పని మళ్ళీ నాకే వచ్చింది, పెట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి. అసూయ పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. డైరీ తిరగేస్తే ఆ నెల కూడా ఉంది, "ఇవాళ కూడా వదిన."

వర్షాలు మొదలైన వారం రెండు వందల ఖ్యాక్‌లకి కబురొచ్చింది. వదిన పది ఖ్యాక్‌లని ఇంటికి తెచ్చుకుని, నా ఎదురుగా చాప మీద కూర్చుని, కళ్ళు కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టి, సూది కింద పెట్టేసింది.

"రావట్లేదు మరదలా."

"ఏది?"

"ఆ సూపు. ఆ దినం గడప కాడ కూకుని, నా అల్లిక ఏపు సూడనట్టు సూసేవు కదా. అది సూసే కదా కుట్టేను." సూదిలో దారం ఎక్కించుకుని, నా మొహంలోకి దీక్షగా చూస్తూ అంది: "ఒక్కసారి కుళ్ళుకో. ఈ కన్ను పెట్టీసుకుంటాను."

నాకు నవ్వొచ్చింది. ఆపుకుంటే ఇంకా వచ్చింది. వదినా నవ్వింది. నవ్వుతుంటే ఆ చూపు రాదు కదా.

"ఆగు" అన్నాను.

తల వంచుకున్నాను. కిటికీ పక్కన ఆ కుర్చీని తలుచుకున్నాను. అందులో కూర్చున్న వదినని, కింద వాకిలిని, కుంటి పావురాన్ని.

"అదీ" అంది వదిన. "కదలకు."